బొగ్గుబాయి బస్తీల్లో మంత్రసానులు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యవర్గ మిత్రులు కోరారు. మన సంచికల్లో గనుల చరిత్ర వచ్చింది, సమ్మెల చరిత్ర వచ్చింది, వేజ్‌బోర్డుల చరిత్ర వచ్చింది. ఆ బాయిల్లో దిగిన మనలను, మన పిల్లలను ఈ లోకంలోకి తెచ్చిన చేతుల చరిత్ర మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. ఆ లోటు తీర్చే బాధ్యత నామీద కొంత ఎక్కువే ఉంది. ఎందుకంటే మా అమ్మ మంత్రసాని.

నేను మస్టర్ క్లర్కుగా పనిచేసి 2010లో విరమణ పొందాను. సర్వీసు రికార్డులో నా పుట్టిన తేదీ 1-7-1950. ఇది నిజం కాదని నాకూ తెలుసు, రాసిన గుమాస్తాకూ తెలుసు. మా అమ్మ లెక్క ప్రకారం నేను "పోలీసు చర్య అయిన రెండో చలికాలం" పుట్టాను. మనలో ఎంతమంది పుట్టిన తేదీ జూలై ఒకటో తారీఖో ఒకసారి లెక్క చూసుకోండి. ఇంట్లో పుట్టిన బిడ్డకు కాగితం ఉండేది కాదు, మంత్రసాని జ్ఞాపకమే సర్టిఫికెట్. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం పదో సెక్షన్‌లో, పుట్టుకను తెలియజేయవలసిన బాధ్యత మంత్రసానికి కూడా ఉందని రాశారు. కానీ వేలిముద్ర వేసే మనిషికి ఆ సంగతి చెప్పిన వారెవరు? వయసు పేచీలతో రిటైర్‌మెంట్ ముందు మెడికల్ బోర్డుల చుట్టూ తిరిగిన మిత్రులకు దీని విలువ తెలుసు.

గనుల వెంట వచ్చిన వాళ్లు

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు పొందింది, 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు వచ్చింది. ఇదంతా మనకు కంఠస్థం. ఒక బాయి తెరిచారంటే నాలుగు దిక్కుల నుంచి జనం వచ్చి గుడిసెలు వేసుకునేవారు. అత్తగారి ఊరు, తల్లిగారి ఊరు రెండూ దూరమే. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆచారం బస్తీలో సగం మందికి కుదిరేది కాదు. అటువంటి చోట మంత్రసాని పురుడు పోయడంతోపాటు తల్లిగారి పాత్ర కూడా వహించవలసి వచ్చేది.

ఆ కాలంలో దేశంలోని బొగ్గు గనుల్లో ఆడవాళ్లు కూడా భూగర్భంలో పనిచేసేవారు. మగవాడు తవ్వితే ఆడమనిషి తట్ట మోసేది. 1929 నిబంధనలతో వారిని క్రమంగా తగ్గిస్తూ 1937 నాటికి బ్రిటిష్ ఇండియా గనుల్లో పూర్తిగా నిషేధించారు. యుద్ధానికి బొగ్గు కావాలని 1943లో నిషేధం సడలించారు, 1946లో తిరిగి అమలు చేశారు. ఈ మధ్యలోనే, 1941లో, గనుల ప్రసూతి సౌకర్య చట్టం వచ్చింది. కాన్పుకు ముందు, తర్వాత కూలి పోకుండా విశ్రాంతి పొందే హక్కు గని కార్మికురాలికి కాగితం మీదికి వచ్చింది అప్పుడే. 1961 చట్టం దాని స్థానంలోకి వచ్చి 12 వారాల సెలవు ఇచ్చింది. 2017 సవరణతో అది 26 వారాలైంది.

మా అమ్మ పని

మా నాయన బెల్లంపల్లిలో తట్టా చెమ్మస్ పట్టిన ఫిల్లర్. 1960లలో గోదావరిఖనిలో బాయిలు తెరుచుకుంటుంటే ఇటు వచ్చాం. నాయన రాత్రి షిఫ్టుకు పోతే అమ్మ కూడా ఏదో ఒక గుడిసెకు పోవడం మాకు అలవాటే. తలుపు ఎవరు తట్టినా కులం అడిగేది కాదు. కానీ పని అయిపోయాక ఆమెను వాకిట్లోనే కూర్చోబెట్టి, స్నానం చేసి పొమ్మని పంపిన ఇళ్లు కూడా ఉన్నాయి. పురుడు పోసేటప్పుడు "అవ్వా" అన్న నోరే పదకొండో రోజున "అంటు" అనేది. ఈ పని చాలా ఊళ్లలో మంగలి, చాకలి, మాదిగ ఇళ్ల ఆడవాళ్లే చేశారు. మైల అని పేరుపెట్టి పనిని తక్కువ చేశారు, తక్కువ చేసిన పనికి కూలీ తక్కువ ఇచ్చారు. ఒక సేరు బియ్యం, ఒక రవికె గుడ్డ, ఆడపిల్ల అయితే అదీ సగం.

ఆమె చేసినదంతా మంచిదేనని నేను చెప్పను. నొప్పులు పడుతున్న మనిషిని పడుకోనిచ్చేది కాదు. నడిపించేది, దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుకు కూర్చోమనేది, నడుముకు నూనె రాసేది, చెవిలో మాటలు చెబుతూ ఉండేది. మాయ పడేవరకు బొడ్డు కోసేది కాదు. బొడ్డు తాడు కోయడానికి కనీసం ఒక నిమిషమైనా ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతున్నది. వెల్లకిలా పడుకోబెట్టడమే పద్ధతి కాదని కూడా అంటున్నారు. ఆ విషయాల్లో ఆమె సరైన దారిలోనే ఉంది.

అయితే ముర్రుపాలు పిండి పారబోయించేది. పాత బ్లేడుతో, ఒక్కోసారి కొడవలితో బొడ్డు కోసి దానిపై బూడిద అద్దేవారు కూడా ఉండేవారు. అందువల్ల ధనుర్వాతం వచ్చి ఎన్ని పసిప్రాణాలు ఏడో రోజునో, ఎనిమిదో రోజునో పోయాయో లెక్కలేదు. దాన్ని గాలి సోకిందనుకునేవాళ్లం. స్వాతంత్ర్యానికి ముందు, 1946లో భోర్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో వెయ్యి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు చనిపోయేవారు. ఇంటి కాన్పులు చల్లగా జరిగిపోయేవని నేటి పిల్లలకు చెప్పేటప్పుడు ఈ అంకె గుర్తుంచుకోవాలి. రాజభవనాల నీడలోనూ అదే స్థితి. నీలోఫర్ యువరాణి దగ్గర పనిచేసిన ఆమె 1949లో కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచే హైదరాబాదులో 1953లో నీలోఫర్ ఆసుపత్రి వెలిసింది.

1968 వానాకాలం ఒక రాత్రి మా వరుసలోనే ఒక ఫిల్లర్ భార్యకు కాన్పయింది. బిడ్డ క్షేమం. మాయ పడలేదు, రక్తం ఆగలేదు. బండి లేదు. ఎవరో పరుగెత్తి బొగ్గు లారీని ఆపారు. అమ్మ ఆమె తల ఒడిలో పెట్టుకుని ఎక్కింది. పెద్ద దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. నేను అప్పుడు పద్దెనిమిదేళ్లవాణ్ణి, లాంతరు పట్టుకుని లారీ వెనకాల నిలబడి ఉన్నాను. ఆ భర్త మా అమ్మను ఒక్కమాట అనలేదు. అమ్మ మాత్రం నెలరోజులు ఎవరింటికీ పోలేదు. తర్వాత మళ్లీ పోయింది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అని మనం పరాచికానికి వాడే సామెతను ఆమె ఎన్నడూ నవ్వుతూ అనలేదు. అప్పటినుంచి ఆమె నియమం ఒకటే: "అడ్డం తిరిగిన బిడ్డను నేను ముట్టను కొడుకా, నెత్తురు కనబడితే నిలవను. దవాఖానకు తీస్కపోండ్రి."

శిక్షణ వచ్చిన రోజులు

దాయిలకు శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన పాతదే. 1903లో లేడీ కర్జన్ పూనికతో విక్టోరియా స్మారక నిధి ఏర్పడింది ఆ పని కోసమే. కానీ అది పల్లెకు చేరింది 1977 గ్రామీణ ఆరోగ్య పథకం తర్వాత. మా ఊరి పేరు మీద అమ్మకు కూడా శిక్షణ దొరికింది. యాభై ఏళ్లు దాటిన మనిషి, సబ్‌సెంటర్‌లో నర్సమ్మ ముందు నేలమీద కూర్చుని అయిదు శుభ్రతలు నేర్చుకుంది: శుభ్రమైన చేతులు, శుభ్రమైన పక్క, కొత్త బ్లేడు, ఉడకబెట్టిన దారం, బొడ్డుపై ఏమీ పూయకపోవడం. ఇచ్చిన సామాన్ల పెట్టెను దేవుడి గూట్లో పెట్టుకుంది. గర్భిణులకు టీటీ సూదులు, ఈ అయిదు శుభ్రతలు కలిసి చేసిన మేలు చిన్నది కాదు. 2015లో మన దేశంలో నవజాత ధనుర్వాతం నిర్మూలన జరిగినట్లు ప్రకటించారు. ఆ విజయంలో పేరు లేని మంత్రసానులకు వాటా ఉంది.

కంపెనీ ఆసుపత్రుల్లో ప్రసూతి వార్డులు పెరిగేకొద్దీ అమ్మ పని తగ్గింది. అందుకు ఆమె బాధపడలేదు. నా కూతురు 1974లో ఆసుపత్రిలోనే పుట్టింది. వార్డు బయట బెంచీ మీద కూర్చున్న అమ్మ "మంచిదే, రక్తం ఉంటది ఈడ" అన్నది. కాసేపాగి, "కానీ పిల్ల ఒక్కతే ఉన్నది లోపట" అన్నది. ఆ రెండో మాట విలువ నాకు నలభై అయిదేళ్ల తర్వాత గాని తెలియలేదు.

ఈనాటి మాట

2005లో జననీ సురక్ష యోజన, ఆశా కార్యకర్తలు వచ్చారు. తెలంగాణ వచ్చాక 2017 జూన్ 2న కేసీఆర్ కిట్ పథకం మొదలైంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 43కు దిగాయి. ఆనాటి వెయ్యికి 20, అంటే లక్షకు రెండు వేలు! లారీలో పోయిన ఆ తల్లిని తలచుకుంటే ఇది ఎంత గొప్ప మార్పో అర్థమవుతుంది.

అదే సర్వే ఇంకో అంకె కూడా చెప్పింది. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ప్రైవేటులో 81.5 శాతం, సర్కారు దవాఖానల్లో 44.5 శాతం. మన పాత జిల్లా కరీంనగర్‌లో 80 శాతం దాటింది. అవసరమైన ఆపరేషన్ ప్రాణదానం. కానీ పది మందిలో ఎనిమిది మందికి అవసరమా? 2019లో నా పెద్ద మనవరాలికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పయింది. తల్లిని లోపలికి రానివ్వలేదు. నొప్పులు మొదలైన మూడు గంటలకే సంతకం పెట్టమన్నారు, ఎందుకో వివరించలేదు. పిల్లా తల్లీ క్షేమం, సంతోషమే. కానీ "తాతా, నా చెయ్యి పట్టుకున్నోళ్లు లేరు" అని ఆమె అన్నప్పుడు మా అమ్మ బెంచీ మీద అన్న మాట చెవిలో మోగింది.

ఈ తోడు సంగతిని ఇప్పుడు ప్రపంచమే మాట్లాడుతున్నది. కాన్పు వేళ పక్కనే ఉండి ధైర్యం చెప్పే స్త్రీని పాశ్చాత్య దేశాల్లో 'డౌలా' అంటున్నారు. సేవచేసే స్త్రీ అని అర్థం వచ్చే గ్రీకు మాట, 1973లో డేనా రాఫెల్ అనే పరిశోధకురాలు వ్యాప్తిలోకి తెచ్చింది. 15 వేలకు పైగా తల్లులపై జరిగిన పరిశోధనలను 2017లో ఒక్కచోట చేర్చి చూస్తే, ఎడతెగని తోడు ఉన్నవారికి ఆపరేషన్లు తగ్గాయి, నొప్పుల సమయం కూడా కొంత తగ్గింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2016లో సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక స్త్రీ తోడును అనుమతించింది.

మనం గర్వపడవలసిన మరో విషయం ఉంది. 2017లో కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్ఫై మంది స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ కలిసి నడిపాయి. మరుసటి ఏడు డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. 2023లో నా చిన్న మనవరాలు సర్కారు దవాఖానలో ఇటువంటి శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ చేతిలోనే కన్నది. నడవనిచ్చారు, తల్లిని పక్కన ఉండనిచ్చారు, డాక్టరమ్మ పక్క గదిలో సిద్ధంగా ఉన్నది. నాకు కావలసింది ఇదే. పాత గుడిసెలోకి తిరిగి పోవడం కాదు, ఆ గుడిసెలో ఉన్న చెయ్యి ఈ దవాఖానలోకి రావడం.

మిత్రులారా, మీ ఇంట కాన్పు ఉంటే మూడు మాటలు అడగండి: ఇక్కడ మిడ్‌వైఫ్ ఉన్నదా, తోడు మనిషిని లోపలికి పంపుతారా, ఆపరేషన్ ఎందుకో చెబుతారా? అడగడం తప్పు కాదు. అలాగే మీ ఇంట్లో, వాడలో బతికి ఉన్న పాత మంత్రసాని ఎవరైనా ఉంటే ఆమె పేరు, ఆమె చెప్పే విశేషాలు రాసి మన సంఘం కార్యాలయానికి ఇవ్వండి. మస్టరులో ఎక్కని హాజరు వారిది. ముప్ఫై తొమ్మిదేళ్లు ఇతరుల హాజరు రాసినవాణ్ణి, మా అమ్మ హాజరు ఈనాటికి వేస్తున్నాను.

సెలవు.