బూజు చేయు శుద్ధి

బూజు పట్టిన వస్తువును మనము రోతతో పారవైతుము. అయినను, కర్మాగారములు నేలలోనికి విడిచిన విషములను హరించుటకు అట్టి శిలీంధ్రములనే నియోగింపవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ మాట యెంతవరకు చెల్లునో తెలిసికొనుటకు మనము మొదట యూరపు ఖండమునందలి యిండ్లగోడల చరిత్రను చూడవలసియున్నది.

1775లో షీలే యను స్వీడను దేశపు రసాయనశాస్త్రవేత్త, ఆర్సెనిక్కు అనబడు పాషాణమును తామ్రముతో కూర్చి చక్కని ఆకుపచ్చరంగును చేసెను. పందొమ్మిదవ శతాబ్దమున నిట్టి రంగులు గోడలకు అంటించు కాగితములలో విరివిగా వాడబడెను. చెమ్మ యెక్కిన పచ్చగోడల గదులలో దుర్వాసన పుట్టుచున్నదనియు, ఆ కాగితములను తొలగింపవలెననియు 1839లో గ్మెలిన్ అను జర్మను రసాయనవేత్త హెచ్చరించెను. 1890 తరువాతి సంవత్సరములలో ఇటలీ దేశమున గోసియో యను వైద్యుడు ఆ వాసనకు మూలమును వెదకెను. పాషాణము కలిపిన బంగాళాదుంపల ముద్దపై బూజును పెంచగా, వెల్లుల్లి వాసనగల వాయువు వెలువడెను. అది ట్రైమిథైలార్సీన్ అని 1933లో ఇంగ్లండునందలి లీడ్సు విశ్వవిద్యాలయమున చాలెంజరు నిరూపించెను. ఆ యిండ్లలోని రోగములకెల్ల నీ వాయువే కారణమా యని పిమ్మటివారు సందేహించిరి. కాని బూజు పాషాణమును గోడనుండి గాలిలోనికి చేర్చగలదనుట స్థిరపడినది.

1985లో అమెరికాయందు బంపస్, ఆస్ట్ మొదలగువారు వేరొక శక్తిని చూపిరి. కఱ్ఱను తెల్లగా కుళ్ళజేయు ఫానెరోకీట్ క్రైసోస్పోరియం అను శిలీంధ్రము డి.డి.టి. వంటి విషములను భేదించి, అందలి కర్బనమును కొంతకొంతగా బొగ్గుపులుసు వాయువుగా మార్చెను. కఱ్ఱకు గట్టిదనము నిచ్చు లిగ్నిన్ ఏకరూపము లేని పదార్థము. దానిని ఛేదించుటకై ఈ శిలీంధ్రము వెలికి విడుచు ఎంజైములు ఒక్క పదార్థమునకే కట్టుబడక, పలువిధములైన కర్బనవిషములపైనను పనిచేయును. పాడుపడిన గని యామ్లజలములనుండి మేరీలాండునందు గ్రహింపబడిన రోడోటోరులా తైవానెన్సిస్ అను ఈస్టు, తీవ్రమైన ఆమ్లమునందును, పాదరసమునందును, అణుకిరణముల నడుమను పెరుగగలదని 2018లో ప్రకటింపబడెను.

ఇచ్చట నొక భేదమును మరువరాదు. డి.డి.టి. పలు పరమాణువుల కూర్పు. ఆ కూర్పు పూర్తిగా విడిపోయినచో విషము నశించును. పాషాణము, పాదరసము, సీసము మూలద్రవ్యములు. వానిని ఏ జీవియు నశింపజేయజాలదు. శిలీంధ్రము వానిని తనలో బంధింపవచ్చును, రూపము మార్పవచ్చును, గాలికి వదలవచ్చును. బంధించినచో, విషము నిండిన ఆ శిలీంధ్రమునే మరల జాగ్రత్తపెట్టవలసియుండును.

కావున ఒక నేల శుద్ధియైనదని యెవరైన చెప్పినపుడు, అందలి విషము విఱిగినదా, లేక స్థలము మారినదా యని యడుగుట పౌరులకు ధర్మము. మన ముంగిటి చెత్తను పొరుగువారి వాకిట పోయుటను మనము శుభ్రత యనము గదా!