వాస్తుశిల్ప బోధనలో సమష్టి సాధన

ఒక కట్టడాన్ని చూచినపుడు దానిని కట్టించినవారి పేరు అడుగుతాం. ఆధునిక కాలంలోనైతే నమూనా గీసినవారి పేరు కూడ అడుగుతాం. రాయి చెక్కినవారిని, గానుగలో సున్నం ఆడించినవారిని, పరంజా ఎక్కినవారిని ఎవరూ అడగరు. నిర్మాణం ఏ కాలంలోనూ ఏ దేశంలోనూ ఒకరి చేతి పని కాదు. అయినను దానిని నేర్పే విద్య మాత్రం చాలకాలం ఒక్కొక్క విద్యార్థి ప్రతిభను వేరువేరుగా తూచే విద్యగానే నడిచినది. ఈ వైరుధ్యాన్ని తొలగించటానికి జరిగిన ప్రయత్నాల చరిత్రే సమష్టి రూపకల్పనశాల చరిత్ర. ఆ చరిత్రలో వంగదేశంలోని ఖరగ్‌పూర్‌కు ఒక ప్రత్యేకస్థానం ఉన్నది. ఆ ఊరు తెలుగువారికి కొత్తది కాదు కనుక ఈ విషయం మనకు మరింత దగ్గరిది.

పూర్వం మన స్థపతులు విద్యను పనిచోటనే నేర్పినారు. కొడుకు తండ్రివద్ద, శిష్యుడు గురువువద్ద ఉలి పట్టి నేర్చుకొన్నాడు. పడమటి దేశాలలో ఈ విద్య పనిచోటు విడిచి పాఠశాలలో ప్రవేశించినపుడు, పారిస్ నగరంలోని ఎకోల్ దె బోజార్ దానికి ఒక రూపం ఏర్పరచినది. అక్కడ ప్రతి విద్యార్థి ఒక ఆచార్యుని పనిశాలలో చేరేవాడు. కొత్తవారు పాతవారి పటాలకు రంగులు వేసి, గీతలు దిద్ది సాయపడేవారు. పాతవారు కొత్తవారికి మెళకువలు చెప్పేవారు. గడువుకాలం రాగానే పటాలను సేకరించటానికి ఒక తోపుడుబండి వచ్చేది. ఆ బండికి ఫ్రెంచి భాషలో ఉన్న ‘షారెత్’ అనే పేరే నేటికీ గడువు ముందరి రాత్రింబవళ్ళ శ్రమకు వాస్తువిద్యార్థుల లోకంలో పేరైనది. ఇట్లా నేర్చుకొనటం పదిమందితో కలిసి జరిగినను, పోటీలో దిగవలసినపుడు విద్యార్థి ఒంటరిగా ఒక చిన్న గదిలో కూర్చుండి తన తొలి ఊహను గీయవలసి ఉండేది. కలిసి నేర్చుకొనటం, ఒంటరిగా తూగటం అనే ఈ రెండు ధర్మాలూ ఆనాటినుండి రూపకల్పనశాలను విడువలేదు.

1919లో వైమార్ నగరంలో వాల్టర్ గ్రోపియస్ బౌహౌస్‌ను స్థాపించినపుడు, మధ్యయుగాలనాటి శిల్పుల సంఘాలను స్మరించే పేరునే దానికి పెట్టినాడు. వడ్రంగం, నేత, లోహపు పని, చిత్రలేఖనం అన్నీ కట్టడంలో కలియవలెనని ఆయన ఆశయం. ఆ విద్యాలయం 1933లో మూతపడినది. గ్రోపియస్ తరువాత అమెరికా చేరి, 1945లో ఏడుగురు యువ వాస్తుశిల్పులతో కలిసి ఒక సహకార సంస్థను నెలకొల్పినాడు. బడిలో చెప్పిన మాటను వృత్తిలో ఆచరించి చూపే ప్రయత్నమది.

మన దేశంలో ఈ విద్యకు తొలి నెలవు బొంబాయిలోని జె. జె. కళాశాల. అక్కడ ఈ విద్య నమూనా గీతగాండ్ర తరగతిగా మొదలై, క్రమంగా పూర్తి శాఖగా పెరిగినది. క్లాడ్ బాట్లీ అక్కడ ఆచార్యుడుగా ఉన్నపుడు విద్యార్థులచేత పాత భారతీయ కట్టడాలను కొలిపించి పటాలు వేయించినాడు. కొలత పని ఒంటరిగా సాగేది కాదు. ఒకరు టేపు పట్టితే మరొకరు చదవాలి, ఇంకొకరు వ్రాయాలి. ఒకరి పొరపాటు అందరి పటాన్నీ చెరుపుతుంది. సహకారాన్ని గురించి ఉపన్యాసాలు ఎన్ని విన్నా కలుగని బుద్ధి ఈ పనివల్ల కలుగుతుంది.

వంగదేశంలో దీనికి మరొక రూపం కనబడినది. శాంతినికేతన కళాభవనంలో నందలాల్ బోసు, రామకింకర్ బైజ్‌ల కాలంలో గురువులూ శిష్యులూ కలిసి మట్టితో ఒక విద్యార్థి నివాసాన్ని కట్టినారు. గోడలమీద ఉబ్బెత్తు శిల్పాలు మలిచి, తారు పూసినారు. ‘కాలో బారీ’, అనగా నల్లయిల్లు, అని దానికి పేరు. అది శిల్పమా, కట్టడమా, పాఠమా అని విడదీసి చెప్పటం కష్టం.

ఇక ఖరగ్‌పూర్ సంగతి. ఆ ఊరిని ఆనుకొని ఉన్న హిజిలీలో 1930లో ఆంగ్లప్రభుత్వం రాజకీయ ఖైదీలకై ఒక నిర్బంధ శిబిరం ఏర్పరచినది. 1931 సెప్టెంబరు 16న అక్కడ నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిగి, సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించినారు. రవీంద్రనాథ ఠాకూరు ఆ దుర్మార్గాన్ని బహిరంగంగా ఖండించినారు. స్వాతంత్ర్యానంతరం ఆ భవనంలోనే దేశపు మొదటి సాంకేతిక విజ్ఞాన సంస్థ తరగతులు ప్రారంభించినది. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దానిని లాంఛనంగా ప్రారంభించినారు. 1956లో జరిగిన మొదటి స్నాతకోత్సవంలో జవహర్లాల్ నెహ్రూ ఆ నిర్బంధ శిబిరాన్ని ప్రత్యేకంగా స్మరించినారు. చెరసాల గోడలు పాఠశాల గోడలైన ఈ చోటనే 1952లో వాస్తుశిల్ప శాఖ ఏర్పడినది. దాని పేరులో వాస్తుశిల్పంతోపాటు ప్రాంతీయ ప్రణాళిక కూడ చేరి ఉన్నది. ఇంటిని గీసేవాడు ఊరినీ, ఊరి చుట్టు ఉన్న సీమనూ ఎరిగి ఉండవలెనన్న భావం ఆ పేరులోనే ఇమిడి ఉన్నది.

సంస్థ ప్రధాన భవనానికి నమూనా సమకూర్చినవాడు స్విట్జర్లండు దేశీయుడు వెర్నర్ మోజర్. 1928లో లా సారాజ్ కోటలో ఆధునిక వాస్తుశిల్పుల అంతర్జాతీయ సభను స్థాపించినవారిలో ఆయన ఒకడు. జూరిక్ నగరంలోని నాయ్‌బ్యూల్ గృహసముదాయాన్ని కొందరు మిత్రులతో కలిసి రచించినాడు. తరువాత హేఫెలీ, స్టైగర్ అనే ఇద్దరితో కలిసి ముగ్గురి పేరా వృత్తి సాగించినాడు. సమష్టి రచన ఆయనకు సిద్ధాంతం మాత్రమే కాదు, దినచర్య. ఖరగ్‌పూర్ తొలినాటి విద్యార్థులకు ఆ భవనం లేవటమే ఒక పాఠమై ఉండాలి.

సమష్టి రూపకల్పనశాల నడిచే తీరు సుమారుగా ఇట్లా ఉంటుంది. మొదట ఒక నిజమైన స్థలం ఎన్నుకొంటారు. విద్యార్థులు జట్లుగా విడిపోయి ఒకరు నేల వాలును, ఒకరు ఎండను గాలిని, ఒకరు నీటి పారుదలను, ఒకరు మనుషుల రాకపోకలను పరిశీలించి వస్తారు. అందరి పటాలూ ఒక గోడమీద చేరుతాయి. అప్పుడు తర్కం మొదలవుతుంది. ఎండను చూచినవాడు కిటికీని తూర్పుకు తిప్పుమంటాడు. రాకపోకలు చూచినవాడు అక్కడ ద్వారం కావాలంటాడు. ఉపాధ్యాయుడు బల్లలవెంట తిరుగుతూ తీర్పు చెప్పడు, ప్రశ్న వేస్తాడు. నెలల తరువాత బయటి పెద్దలు వచ్చి పరీక్షిస్తారు. ఇంజనీరింగు విద్యార్థులు కూడ జట్టులో ఉంటే దూలం మందం వాదంలోకి వస్తుంది. వేరే విశ్వవిద్యాలయంవారు చేరితే తమకు సహజమని తోచినది ఎదుటివారికి వింతగా తోచటం చూచి ఇరువురూ తమ అలవాట్లను పునరాలోచిస్తారు.

అయితే దోషాలు లేకపోలేదు. మాటకారి ఊహ నెగ్గుతుంది; మౌనంగా ఉన్నవాని ఊహ పటం వెనుక మిగిలిపోతుంది. చేయితిరిగినవాడు తెల్లవార్లూ గీస్తాడు, పేరు అందరికీ వస్తుంది. చివరకు పట్టా ఇచ్చేది ఒక్కొక్కరికే కనుక మార్కులను విడదీయక తప్పదు. పారిస్‌నాటి చిక్కు ఇంకను విడలేదు.

వీటికంటె పెద్ద లోపం ఒకటి ఉన్నది. అది ఖరగ్‌పూర్‌లోనే స్పష్టంగా కనబడుతుంది. విద్యాసంస్థకు కొద్ది మైళ్ళ దూరంలో రైల్వే పట్టణం ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వెలసిన ఆ పట్టణానికి, దాని కర్మాగారానికి, ఉత్తరాంధ్ర జిల్లాలనుండి వేలాది తెలుగు కుటుంబాలు వలసవెళ్ళి స్థిరపడినవి. నేటికీ అక్కడి వీధులలో తెలుగు వినబడుతుంది. రైల్వే కాలనీల సంప్రదాయం ప్రకారం ఇల్లు హోదాను అనుసరిస్తుంది. అధికారికి తోటతో బంగళా, గుమాస్తాకు ఒక తరగతి ఇల్లు, కార్మికునికి వరుసగదులు. ఒకే పటం ఎన్నో స్టేషన్లలో అట్లే కట్టబడినది. అది గీసినవారిలో అక్కడ కాపురముండవలసిన స్త్రీని పొయ్యి ఎక్కడ ఉండాలని అడిగినవారు ఎందరు? ఆ కార్మికులు కలిసి పనిచేయటం తెలియనివారు కారు. 1920లలో బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి. వి. గిరి నాయకత్వాన, ఉద్యోగాలు కోల్పోయినవారికై శాంతియుతంగా సమ్మె సాగించినారు. ఉద్యోగం విషయంలో వారి సంఘాన్ని రైల్వేవారు వినవలసివచ్చినది. ఇంటి విషయంలో వారి మాట అడిగే బల్ల ఎక్కడా లేదు.

దీనికి మార్గం చూపినవారు లేకపోలేదు. 1914 తరువాత మన దేశానికి వచ్చిన పాట్రిక్ గెడ్డెస్, ఇండోరు మొదలైన పట్టణాలను కాలినడకన తిరిగి, పరిశీలన ముందు, ప్రణాళిక తరువాత అని బోధించినాడు. ఉన్న వీధులను పడగొట్టక, అవసరమైనచోటనే సున్నితంగా సవరించుమన్నాడు. 1967లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ మూర్ తొలియేటి విద్యార్థులచేత కెంటకీ సీమలోని ఒక పేదపల్లెకు సామాజిక కేంద్రం గీయించి, వారి చేతులతోనే కట్టించినాడు. అదే ఇండోరులో 1980లలో బాలకృష్ణ దోషి బృందం రచించిన ఆరణ్య నివాసంలో పేదవారికి స్థలం, స్నానపుగది, కొంత నిర్మాణం మాత్రం ఇచ్చి, మిగిలిన ఇంటిని వారి శక్తికి, అభిరుచికి విడిచిపెట్టినారు. అక్కడ నివాసియే చివరి రూపకర్త.

కాబట్టి సమష్టి రూపకల్పన అంటే పదిమంది విద్యార్థులు ఒక పటం గీయటం మాత్రమే కాదు. ఆ పదకొండవ ఆసనం ఎవరికై ఖాళీగా ఉంచినామన్నదే అసలు ప్రశ్న. హిజిలీలో మనుషులను బంధించటానికి వాడిన గోడలే ఆలోచనకు ఆశ్రయమైనవి. అది చిన్న విజయం కాదు. కాని అక్కడి విద్యాశాలకూ రైల్వే వరుసగదులకూ నడుమ ఉన్న కొద్ది మైళ్ళనూ నడిచి వెళ్ళి, అక్కడివారిని బల్లవద్దకు పిలిచిననాడే ఈ విద్యకు ‘సమష్టి’ అన్న మాట పూర్తిగా తగుతుంది.