కార్యదర్శి రహీం సాబ్

సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో బి.ఏ. చదివారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని, పనిచేసిన ప్రతి బడిలోనూ పిల్లల ఆటల బాధ్యతను కూడా తన మీదే వేసుకున్నారు. ఆయన గురించి రాసేవాళ్లు ఎక్కువమంది 1962 జకార్తా ఆసియా క్రీడల బంగారు పతకంతో మొదలుపెడతారు. నాకు 1943 అంతకంటే ముఖ్యం. ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయిన ఏడాది అది. 1963 జూన్ 11న కేన్సర్‌తో కన్నుమూసేదాకా ఆ బాధ్యత మోస్తూనే ఉన్నారు.

కోచ్‌గా ఆయన గెలిచినవన్నీ ఆ కార్యదర్శి బల్ల దగ్గర పుట్టినవేనని నా నమ్మకం. లీగ్ మ్యాచ్‌ల పట్టిక వేయడం, మైదానం ఎవరికి ఎప్పుడో తేల్చడం, క్లబ్బుల తగవులు తీర్చడం పేపర్లకెక్కే పనులు కావు. కానీ ఏ బస్తీలో ఏ కుర్రాడి కాలు బాగుందో అందరికంటే ముందు తెలిసేది ఆ పని చేసేవాడికే. రహీం ఆ కుర్చీని పరపతి కోసం వాడుకోలేదు, ప్రయోగశాలగా మార్చుకున్నారు. చిన్న పిల్లలకు వయసులవారీగా పోటీలు పెట్టారు. బంతిని ఒక్క తాకుతోనే పంపేయాలన్న షరతుతో ఒక టోర్నీ, వాటం లేని కాలితోనే ఆడాలన్న షరతుతో మరొకటి నడిపారు. కుడికాలి వాటం ఉన్నవాడు అలవాటుకొద్దీ ఆ కాలే ముందుకు తెస్తాడు, అంతలో షరతు గుర్తొచ్చి తడబడతాడు. నాలుగు రోజులు పోయాక ఎడమకాలు మాట వినడం మొదలవుతుంది. ఒక్క తాకుతో పంపాలంటే బంతి రాకముందే ఎటు పంపాలో చూసుకుని ఉండాలి. తల ఎత్తి ఆడటం అలా దానంతటదే అలవడుతుంది. ఇందుకు ఖర్చేమీ లేదు. కావలసింది ఒక షరతు, దాన్ని పట్టుబట్టి అమలు చేసే పంతులు.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ పేద ఇంటి కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన కంటబడ్డాడు. నగరానికి వచ్చిపోయే స్తోమత లేదని తెలిసి సైకిల్ అద్దె రహీం సాబే తన జేబులోంచి ఇచ్చేవారని చెబుతారు. ఆ కుర్రాడే మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రహీం చేతికి వచ్చింది. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన తొలి డ్యూరాండ్ కప్పునూ మోహన్ బగాన్ మీద గెలిచి తెచ్చుకున్నారు. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజులవి.

భారత జట్టు బాధ్యత కూడా ఆయనదే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచారు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడారు. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం మాత్రం ఆ ఒలింపిక్స్ నుంచి హంగరీ ఆటతీరును నేర్చుకుని వచ్చారు. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి దించి, అతణ్ని కాపలా కాసే డిఫెండర్ ఎటూ తేల్చుకోలేని ఇరకాటంలో పెట్టే ఎత్తు అది. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. నాలుగో స్థానంతో తిరిగొచ్చారు.

జకార్తా నాటికి ఆయనకు కేన్సర్ ముదిరింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన క్రీడా పెద్ద జి.డి. సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనం భారత్ పేరెత్తితేనే మండిపడుతున్నారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్‌తో ఆడుతుండగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ని పక్కన పెట్టలేదు, ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ కొరియా. దాదాపు లక్ష మంది అరుపుల మధ్య పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకు కట్టుతో ఉన్న జర్నైల్ ఒక గోల్ కొట్టారు. 2-1. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల బంగారం మనకు మళ్లీ దక్కలేదు. రోమ్ తర్వాత మన జట్టు ఒలింపిక్స్‌కే వెళ్లలేదు.

ఆ పతకం వచ్చిననాడు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి మా అనంతపురం జిల్లావాడు, నీలం సంజీవరెడ్డి. అంతకు మూడేళ్ల ముందే, 1959లో, హైదరాబాద్, ఆంధ్ర ఫుట్‌బాల్ సంఘాలు కలిసి ఒక్కటయ్యాయి. అంటే కాగితం మీద మా శెనక్కాయ చేలూ రహీం నడిపిన ఆటా ఒకే గొడుగు కిందికి వచ్చాయి. రాష్ట్రం 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. గెలిచినవాళ్లు రహీం కాలంలో ఎదిగినవాళ్లే. ఆ తరం అయిపోయాక హైదరాబాద్‌లోనే ఆట సన్నగిల్లింది. ఆయన పోయాక కోచ్‌లు దొరికారు గానీ, ఆ బల్ల దగ్గర అంత ఓపికతో కూర్చున్న కార్యదర్శి దొరకలేదు.

అందుకే అనంతపురంలో జరిగింది నాకు గొప్ప ఊరట. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చి నెలకొల్పిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ముందు బావులు, ఇళ్లు, ఆసుపత్రులు చూసుకుంది. తర్వాత స్పోర్ట్స్ విలేజ్ కట్టింది. స్పెయిన్ లా లిగా వాళ్ల తోడ్పాటుతో ఫుట్‌బాల్ అకాడమీ నడిపింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడు అనుకునే సీమలో, పల్లె పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, బూట్లు కట్టుకుని లీగ్ మ్యాచ్‌లు ఆడారు. జట్లు, తేదీలు, రిఫరీలు, వయసులవారీ పోటీలు! పద్ధతి చూస్తే అచ్చం రహీం సాబ్ బాటే.

2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది. సినిమా సరే. నేను కోరేది వేరు. మా జిల్లాలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఏటా రహీం పేరిట ఒక టోర్నీ జరగాలి. అందులో వాటం లేని కాలితో కొట్టిన గోలే లెక్కలోకి రావాలి.