విమానాల క్యాడ్ నమూనాల్లో సర్ఫేస్, సాలిడ్ జోడింపు

రెక్క, ఫ్యూజిలాజ్ (విమానం మొండెం), తోక వంటి విమాన భాగాల ఉపరితలాలను కంప్యూటర్‌లో విడివిడిగా గీసి, వాటిని అతికించి, ఎక్కడా సందు లేకుండా మూసి, ఘనరూపంగా మార్చే పనే సర్ఫేస్, సాలిడ్ జోడింపు. సర్ఫేస్‌కు వైశాల్యమే తప్ప మందం ఉండదు. సాలిడ్‌కు లోపలేదో బయటేదో తేలిపోతుంది కాబట్టి ఘనపరిమాణం, బరువు, గరిమనాభి లెక్కకు అందుతాయి.

విమానానికి బయటి ఆకారమే ప్రాణం. అందుకే పని సర్ఫేస్‌తో మొదలవుతుంది. ఏరోఫాయిల్ (రెక్క అడ్డుకోత) ఆకారాలను వరుసగా నిలిపి, వాటి మీదుగా సర్ఫేస్ పరిస్తే, అంటే లాఫ్ట్ చేస్తే రెక్క వస్తుంది. రెక్క, ఫ్యూజిలాజ్ ఖండించుకునే గీత వెంబడి అదనపు ముక్కలను ట్రిమ్ చేసి, మిగిలిన అంచులను కలుపుతారు. ఈ కలపడాన్ని కాటియా అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో జాయిన్ అనీ, సాలిడ్‌వర్క్స్‌లో నిట్ అనీ, ఫ్యూజన్‌లో స్టిచ్ అనీ అంటారు.

చిక్కంతా అంచుల దగ్గరే. రెండు వక్రతలాలు కలిసే గీతను సాఫ్ట్‌వేర్ చాలావరకు ఉజ్జాయింపుగానే కడుతుంది. అంచుల మధ్య దూరం టాలరెన్స్‌కు లోబడితే ఒకటే అంచుగా ఎంచుతుంది. కాటియా వి5 జాయిన్‌లో మామూలుగా ఆ హద్దు 0.001 మి.మీ. హద్దు పెంచితే హెచ్చరిక ఆగుతుందే గాని సందు పూడదు. తర్వాత విశ్లేషణకు ఆకారాన్ని చిన్న గడులుగా విడగొట్టే మెష్ వేసేటప్పుడు ఆ సందు బయటపడుతుంది.

అంచులు తాకితే సరిపోదు. స్పర్శదిశ కలవడం జీ1, వక్రత కూడా కలవడం జీ2. రెక్క ఫ్యూజిలాజ్‌ను కలిసే మొదట్లో గాలి సాఫీగా సాగేందుకు ఫిల్లెట్ (మూలను గుండ్రంగా నింపే సర్ఫేస్) వేస్తారు. రెక్క వెనకంచు కత్తివాదరలా సన్నబడితే అక్కడ ఫిల్లెట్ తరచూ విఫలమవుతుంది. కాస్త మందం వదలడం మేలు.

విండ్ టన్నెల్ నమూనాకో త్రీడీ ప్రింట్‌కో అయితే సాలిడ్‌లన్నిటినీ బూలియన్ యూనియన్‌తో ఒకటి చేయవచ్చు. తయారీకి అది పనికిరాదు. స్కిన్ (పైతొడుగు), స్పార్ (రెక్క పొడవునా సాగే దూలం), రిబ్ (అడ్డుపట్టీ) వేర్వేరు భాగాలుగానే ఉండాలి. అన్నిటికీ బయటి ఆకారాన్ని నిర్ణయించే మాస్టర్ సర్ఫేస్ ఒక్కటే ఆధారం. ఇలా పూర్తిగా కంప్యూటర్‌లోనే రూపకల్పన జరిగిన తొలి జెట్ ప్రయాణికుల విమానం బోయింగ్ 777. కాటియాతో రూపొంది 1994లో ఎగిరింది.

కోట హరినారాయణ సారథ్యంలో రూపుదిద్దుకున్న భారత యుద్ధవిమానం తేజస్ 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది. దాని నిర్మాణంలో కాంపోజిట్‌లది పెద్ద పాలు. పొరలు పేర్చే ఇలాంటి స్కిన్‌కు అన్నిచోట్లా ఒకే మందం ఉండదు. బయటి సర్ఫేస్‌ను కదపకుండా మందాన్ని లోపలికే పెంచాలి. పొరల రూపకల్పనకు తేజస్ బృందం ఆటోలే అనే సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా తయారుచేసుకుంది. ఏ380 విమానం కోసం ఎయిర్‌బస్ కూడా దాన్ని తీసుకుంది.