నియోజకవర్గంలో వర్గం

ఎన్నికల కాలంలో తెలుగు పత్రిక తిరగేస్తే ఒక శీర్షిక తరచూ తగులుతుంది: ఫలానా నియోజకవర్గంలో వర్గపోరు. అందులో వర్గం రెండుసార్లు వచ్చిన సంగతి చదివేవాళ్లకు తట్టదు. మొదటి వర్గాన్ని మనం ఎప్పుడో నేల కింద జమకట్టేశాం. నియోజకవర్గం అంటే మనకు ఇన్ని మండలాలు, ఈ ఏటి ఒడ్డు నుంచి ఆ ఊరి పొలిమేర దాకా. పునర్విభజన అంటే హద్దులు గీయడం. మాటను విడదీసి చూస్తే మాత్రం అందులో మట్టి వాసనే లేదు. నియోజకులు అంటే ప్రతినిధిని నియమించేవాళ్లు. నియోజకవర్గం వాళ్ల గుంపు.

వర్గం మనకు బడిలోనే పరిచయం. కవర్గం, చవర్గం అని అక్షరాలను పుట్టుకచోటును బట్టి వరుసల్లో కూర్చోబెట్టడం నేర్పారు. అమరకోశం లోకాన్నంతా వర్గాలుగా సర్దింది. అందులో సింహాదివర్గం అయ్యాక మనుష్యవర్గం, ఆ వెంటనే బ్రహ్మ, క్షత్రియ, వైశ్య, శూద్ర వర్గాలు వస్తాయి. మాటలను సర్దే పుస్తకం మనుషులను కూడా సర్దక మానలేదు.

ఈ మాటకు మూలం వృజ్ ధాతువు. ధాతుపాఠం దానికి చెప్పే అర్థం వర్జనం, అంటే విడిచిపెట్టడం, పక్కకు తొలగించడం. పంచాంగం చూసి “ఇవాళ వర్జ్యం ఎప్పుడు?” అని అడుగుతామే, ఆ వర్జ్యమూ ఈ వర్గమూ ఒక తల్లి బిడ్డలు. కొందరిని ఒకచోట చేర్చడమంటే మిగతావాళ్లను వేరు చేయడమేనని ధాతువు ముందే ఎరుగును. మన ఓటర్ల జాబితాలో ఈ అర్థం నిద్రపోతోంది. ఫిజీలో అది నిండా మేలుకొని చాలాకాలం రాజ్యమేలింది.

ఫిజీ దీవులు 1874లో బ్రిటిష్ వాళ్ల చేతిలోకి వెళ్లాయి. చెరకు తోటల పనికి 1879 నుంచి కలకత్తా మీదుగా, 1903 నుంచి మద్రాసు మీదుగా ఓడలు కూలీలను చేరవేశాయి. అగ్రిమెంటు అనే మాట వాళ్ల నోట గిర్మిట్ అయింది. మొత్తం అరవై వేల మందికి పైగా వెళ్లారు. వాళ్లలో విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ ఎక్కేముందు రాసిన పాసులో పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటిమీది గుర్తులు అన్నీ ఉండేవి. అన్ని వివరాలతో బయలుదేరిన గోదావరి మనిషి కూలిలైన్లలో “మద్రాజీ” అయ్యాడు, సర్కారు లెక్కల్లో “ఇండియన్” అయ్యాడు. ఆ రెండో పేరే తర్వాత అతని ఓటును నిర్ణయించింది.

1929లో శాసనమండలికి కొత్త ఏర్పాటు వచ్చింది. అధికారులు 13 మంది, యూరోపియన్లు ఎన్నుకునేవాళ్లు ఆరుగురు, భారతీయులు ఎన్నుకునేవాళ్లు ముగ్గురు. ముగ్గురు ఫిజియన్ (ఆదివాసి) సభ్యులకు ఎన్నికే లేదు, వాళ్లు నియమితులు. 1921 జనగణన ప్రకారం యూరోపియన్లు నాలుగు వేలు కూడా లేరు. భారతీయులు అరవై వేలు దాటారు. అంత తేడా కళ్లకు కట్టకుండా ఉండాలంటే అందరినీ ఒకే జాబితాలో రాయకూడదు. వేర్వేరు జాబితాలు రాస్తే ఎవరి లెక్క వాళ్లది, పక్కవాడితో పోలిక రాదు. జాతులను కాపాడటానికే ఈ విభజన అని పాలకులు చెప్పుకున్నారు. ముందుగా కాపాడింది మాత్రం యూరోపియన్ల ఆరు సీట్లనే అని నా నమ్మకం.

1929లో గెలిచిన ముగ్గురు భారతీయులు విష్ణు దేవ్, పరమానంద్ సింగ్, జేమ్స్ రామచందర్ రావు. విష్ణు దేవ్ ఫిజీలోనే పుట్టినవాడు, గిర్మిట్ కూలీల కొడుకు. మండలిలో అడుగుపెట్టిన కొద్ది రోజులకే, నవంబరులో, అందరికీ ఒకే ఓటర్ల జాబితా కావాలని తీర్మానం పెట్టాడు. దాన్నే “కామన్ రోల్” అన్నారు. తీర్మానం ఓడింది. ముగ్గురూ సీట్లు వదులుకొని బయటికి నడిచారు. అంతకాలం ఎదురుచూస్తే దక్కిన ఓటు, దక్కిన సీటు. దాన్ని అలా వదిలేయడం తొందరపాటన్నవాళ్లు ఉన్నారు. నేను అలా అనలేను. ఇచ్చిన ఓటులోనే “నువ్వు వేరు” అని రాసి ఉంటే ఆ సీటులో కూర్చోవడం ఆ రాతకు సంతకం పెట్టినట్టే.

అయితే ఫిజియన్ పెద్దల భయాన్ని కొట్టిపారేయలేం. 1946 జనగణన నాటికి భారతీయుల సంఖ్య వాళ్లను దాటేసింది. ఒకే జాబితా అయితే తమ భూమి, తమ మాట ఏమవుతాయని వాళ్లు అడిగారు. ఆ భయం నిజమైనదే. ఎదురెదురుగా కూర్చొని ఆ భయం గురించి మాట్లాడుకునే అవసరమే కలగకుండా చేసింది మాత్రం వేర్వేరు జాబితాల పద్ధతి. ఎవడి ఓటు వాడి జాతివాడికే అయినప్పుడు ఏ నాయకుడికీ పక్క జాతి గడప తొక్కాల్సిన పని లేదు.

ఫిజియన్లకూ ఆడవాళ్లకూ ఓటు 1963లో గానీ రాలేదు. 1966 ఎన్నికల్లో లెక్క మరింత చిక్కుపడింది. ఒక్కొక్క ఓటరుకు నాలుగు ఓట్లు: ఒకటి తన జాతి సీటుకు, తక్కిన మూడు “క్రాస్ ఓటింగ్” సీట్లకు. ఈ మాట వినగానే మన చెవికి పార్టీ విప్‌ను ధిక్కరించిన ఎమ్మెల్యే గుర్తొస్తాడు. అక్కడ దాని అర్థం వేరు. సీటు ఒక జాతికి కేటాయించినదే, ఓటు మాత్రం అన్ని జాతులవాళ్లూ వేస్తారు. ఒక రకంగా మన రిజర్వుడ్ స్థానం లాంటిది. “జనరల్” అన్న మాట ఇంకా విచిత్రం. మన దగ్గర జనరల్ సీటు అంటే ఎవరైనా నిలబడవచ్చు. ఫిజీలో జనరల్ ఓటర్లు అంటే యూరోపియన్లు, మిశ్రమ సంతతివాళ్లు, చైనీయులు: ఫిజియన్, ఇండియన్ అనే రెండు పెద్ద అరల్లో పట్టనివాళ్లు. అందరినీ కలపాల్సిన మాట మిగిలినవాళ్లకు పేరయింది.

మనకూ ఈ చరిత్ర పరాయిది కాదు. మద్రాసు శాసనమండలిలో ముస్లిములకు, భారతీయ క్రైస్తవులకు, యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు వేర్వేరు జాబితాలు ఉండేవి. స్వతంత్ర భారతం ఆ పద్ధతిని వదిలేసింది. మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ మినహాయించని ఒకే సాధారణ జాబితా ప్రతి నియోజకవర్గానికీ ఉండాలని రాజ్యాంగం 325వ అధికరణ చెబుతుంది. విష్ణు దేవ్ అడిగింది ఇదే. మరి ఎస్సీ వర్గీకరణ సంగతి ఏమిటని అడగవచ్చు. ఆ మాటలోనూ వర్గం ఉంది. కాని ఆ వర్గీకరణను వాటా అందనివాళ్లు తమ గొంతుతో అడిగారు, దశాబ్దాలపాటు కొట్లాడారు. అది వాళ్ల ఓటును వేరు చేయదు. ఫిజీలో గీత గీసింది పైవాళ్లు, అదీ ఓటు మీదే గీశారు. రెండింటికీ ఒకే మాట వాడుతున్నాం కాబట్టే ఈ తేడా గట్టిగా పట్టుకోవాలి.

1970లో స్వాతంత్ర్యం వచ్చినా జాతుల జాబితాలు పోలేదు. 1987లో సైనిక తిరుగుబాట్లు జరిగాయి. వాటి తర్వాత వచ్చిన 1990 రాజ్యాంగం 70 సీట్లలో 37 ఫిజియన్లకు, 27 భారతీయులకు పంచింది. చివరికి 2006లో తిరుగుబాటు చేసిన సైన్యాధిపతి ప్రభుత్వమే 2013 రాజ్యాంగంతో జాతి సీట్లన్నీ రద్దుచేసి, దేశమంతటినీ ఒకే నియోజకవర్గంగా మార్చింది. అదివరకు ఆదివాసులకే చెల్లిన “ఫిజియన్” అనే పేరు పౌరులందరిదీ అయింది. 2014లో ఓటరు చేతికి వచ్చిన బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్లు లేవు, ఫొటోలు లేవు, పార్టీ గుర్తులు లేవు. గళ్లలో అంకెలు మాత్రమే ఉన్నాయి. ఏ అంకె ఎవరిదో విడిగా ఇచ్చిన జాబితాలో వెతుక్కోవాలి. విష్ణు దేవ్ 1968లోనే కన్నుమూశాడు. ఆయన కోరింది మండలి ఒప్పుకొని ఇచ్చే ఉమ్మడి జాబితా. ఫిజీకి దక్కింది సైన్యం చేతిమీదుగా వచ్చినది.