పిల్లలతో పాటు పెరిగే గది: వైమార్, 1923

జర్మనీలోని వైమార్‌లో ఆమ్ హార్న్ వీధి పక్కన చదునైన కప్పున్న ఒక చిన్న తెల్లటి ఇల్లు ఉంది. దాని పేరు హౌస్ ఆమ్ హార్న్. 1923లో బౌహౌస్ కళాశాల తన తొలి పెద్ద ప్రదర్శన కోసం దీన్ని కట్టించింది. నమూనా గీసింది గేయోర్గ్ ముహె అనే యువ చిత్రకారుడు. జర్మనీ డబ్బు మార్కు విలువ పాతాళానికి జారిపోయిన ఆ ఏడాదిలో, బెర్లిన్ వ్యాపారి అడాల్ఫ్ జోమర్‌ఫెల్డ్ డబ్బు సాయం చేయబట్టే ఇల్లు నిలబడింది. మన మండువా లోగిళ్ళలాగే నడుమ పెద్ద చోటు, దాని చుట్టూ చిన్న గదులు. కాకపోతే ఇక్కడ నడిమి భాగానికీ కప్పుంది, వెలుతురు ఎత్తైన కిటికీల నుంచి దిగుతుంది. ఈ ఇంట్లో అన్నిటికంటే లోతుగా ఆలోచించి చేసింది పిల్లల గదే.

అప్పటికి పిల్లల కొలతకు సరిపోయే సామాను కొత్త సంగతి కాదు. 1907లో రోమ్‌లోని శాన్ లోరెంజో పేటలో మరియా మాంటిస్సోరి మొదలుపెట్టిన పిల్లల ఇంట్లో చిన్న బల్లలు, చిన్న కుర్చీలు ఉండేవి. పిల్లవాడు తన కుర్చీని తానే జరుపుకోగలగాలన్నది ఆమె పట్టుదల. బడిలో ఇది చక్కగా సాగింది. ఒక జట్టు పెరిగి వెళ్ళిపోతే అదే కుర్చీలోకి మరో జట్టు వస్తుంది. ఇంటి సంగతి వేరు. అక్కడున్న ఇద్దరు ముగ్గురు పిల్లలు ఎదిగాక ఆ చిన్న కుర్చీ అటక ఎక్కాల్సిందే.

ఈ చిక్కుకు అల్మా బూషర్ వేరే దారి కనిపెట్టింది. 1899లో పుట్టిన ఆమె 1922లో బౌహౌస్‌లో చేరింది. అక్కడ ఆడపిల్లలను దాదాపు అందరినీ నేతశాలకే పంపేవారు. ఆమె కూడా మొదట అక్కడికే వెళ్ళి, తర్వాత చెక్క శిల్పశాలకు మారింది. హౌస్ ఆమ్ హార్న్‌లోని పిల్లల గదిని ఎరిక్ బ్రెండెల్‌తో కలిసి ఆమె రూపొందించింది.

గదిలో ముఖ్యమైనది బొమ్మల బీరువా. బీరువా అన్నమాటే గానీ, విడదీసి కూర్చుకోగల చెక్కపెట్టెల సమూహం అది. తెల్లరంగు పక్కన ఎరుపు, పసుపు, నీలం కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పెట్టె బోర్లిస్తే పీట, మీద మరొకటి పెడితే బల్ల. చక్రాలున్న పెట్టె లాగుకునే బండి అవుతుంది. బీరువా తలుపులో కోసిన కంత వెనక నిలబడితే బొమ్మలాటకు రంగస్థలం సిద్ధం. ఆట ముగిశాక బొమ్మలన్నీ అవే పెట్టెల్లోకి చేరతాయి. సర్దడం కూడా ఆటలో భాగమైపోతుంది. గోడల మీద పిల్లలు రాసుకోవడానికి, గీసుకోవడానికి చోటు వదిలారు. గదికి ఒకపక్క తల్లి గది, మరోపక్క భోజనాల గది ఉండటంతో పెద్దవాళ్ళ కన్ను ఎప్పుడూ పిల్లల మీద ఉండేది.

ఆ తర్వాత ఏడాది ఆమె చేసిన పసిపిల్లల బట్టలు మార్చే బల్ల కూడా ఇదే ఆలోచనతో పుట్టింది. బిడ్డకు ఆ అవసరం తీరాక అది రాతబల్లగా మారుతుంది. ఆమె గొప్పతనమంతా ఇక్కడే ఉంది. పెరగడమంటే పొడవు పెరగడం ఒక్కటే కాదని, చేసే పనులు మారడమని ఆమె గ్రహించింది. అందుకే పెట్టె పెట్టెలాగే ఉంటుంది. దాన్ని ఎలా వాడాలన్నది మాత్రం మూడేళ్ళ పిల్ల ఒకలా, ఎనిమిదేళ్ళ పిల్ల మరోలా తేల్చుకుంటుంది. ఆమె చేసిన 22 ముక్కల ఓడ ఆటబొమ్మ కూడా అలాంటిదే. ఆ ముక్కలతో ఓడే కట్టాలని లేదు.

ఆమె 1926లో నటుడు వెర్నర్ జీడ్‌హాఫ్‌ను పెళ్ళి చేసుకుంది, మరుసటి ఏడాది బౌహౌస్‌ను వదిలింది. 1944లో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర జరిగిన బాంబుదాడిలో ప్రాణాలు కోల్పోయింది. అప్పటికి ఆమెకు 45 ఏళ్ళు.

పిల్లలు ఎదిగాక కుర్చీ చిన్నదైపోయే అదే చిక్కుకు 1972లో నార్వే రూపశిల్పి పీటర్ ఓప్స్విక్ మరో జవాబు ఇచ్చాడు. భోజనాల బల్ల దగ్గర రెండేళ్ళ కొడుకు కాళ్ళు గాల్లో వేలాడుతుండటం చూసి, వాలుగా నిలిచే రెండు చెక్క కమ్ములకు వరసగా గాళ్ళు కోసి ట్రిప్ ట్రాప్ కుర్చీ చేశాడు. కూర్చునే పలకను, పాదాలు ఆనే పలకను పిల్లవాడు ఎదిగే కొద్దీ కింది గాళ్ళలోకి మారుస్తారు. పెద్దయ్యాక కూడా అందులో కూర్చోవచ్చు. బూషర్ వాడకాన్ని మార్చింది, ఓప్స్విక్ కొలతను మార్చాడు. కుర్చీకి అతని పద్ధతి నప్పుతుంది, గది మొత్తానికి మాత్రం బూషర్ పద్ధతే మేలు.

హౌస్ ఆమ్ హార్న్ 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ 22 ముక్కల ఓడను స్విట్జర్లాండ్‌లోని నేఫ్ సంస్థ మళ్ళీ తయారుచేసి, పిల్లల చేతుల్లోకి తెచ్చింది.