దగ్గు మందు సీసా వెనుక చరిత్ర

ఈ వారం రాజులనీ, యుద్ధాలనీ పక్కన పెట్టి, మన ఇంటి మందుల అలమరలో ఉండే దగ్గు మందు చరిత్ర చెప్పుకుందాం. నేను ఫార్మసిస్టుని. ఇక్కడ అమెరికాలో మనవాళ్ళు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇండియా నుంచి అత్తగారు తెచ్చిన దగ్గు మందు ఉందండీ, బాబుకి అర చెంచా పట్టొచ్చా?" దీనికి జవాబు చెప్పాలంటే రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మనం కూరల్లో వేసుకునే గసగసాలు ఏ మొక్కవో, నల్లమందు కూడా ఆ మొక్కదే. పచ్చి కాయకి గాటు పెడితే పాలు కారుతుంది. అది గడ్డకడితే నల్లమందు. కొందరు అభిని అంటారు. నొప్పికీ, దగ్గుకీ, విరేచనాలకీ పూర్వం అదే మందు. చిక్కల్లా ఏమిటంటే, ఏ ముద్దలో ఎంత సత్తువ ఉందో ఎవరికీ తెలిసేది కాదు. 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో సెర్ట్యూర్నర్ అనే ఆయన అందులోంచి మార్ఫీన్‌ని విడదీశాడు. 1832లో ఫ్రాన్సులో రోబికే కోడీన్‌ని విడదీశాడు. అప్పటినుంచి మందుని తూచి ఇవ్వడం సాధ్యమయింది.

సాధ్యమయింది కాని, అందరూ తూచి ఇచ్చారా? లేదు. 1849 నుంచి అమెరికాలో "మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్" అని ఒక మందు అమ్మారు. పళ్ళొచ్చేటప్పుడు ఏడ్చే పసిపిల్లలకి పట్టేవారు. అందులో మార్ఫీన్ ఉందని తల్లులకి తెలియదు. బిడ్డ హాయిగా నిద్రపోయిందనుకునేవారు. కొందరు బిడ్డలు మళ్ళీ లేవలేదు. 1898లో బేయర్ కంపెనీ దగ్గు మందుగా అమ్మకానికి పెట్టినదాని పేరేమిటో తెలుసా? హెరాయిన్! అది అప్పట్లో వాళ్ళ వ్యాపార నామం.

1906లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. మార్ఫీన్, నల్లమందు, హెరాయిన్ వంటివి ఉంటే ఎంత ఉన్నాయో సీసా మీద రాయాలి. 1914లో హారిసన్ చట్టం వచ్చి, వీటి అమ్మకాన్ని చాలావరకు డాక్టరు చీటీకి కట్టేసింది. ఇప్పుడు సీసా మీద కొలత ఉంది, చీటీ మీద డోసు ఉంది. ఇంకేం భయం అనుకున్నారు.

భయం రెండు వైపుల నుంచి వచ్చింది. మొదటిది చెంచా. 2008లో ఎఫ్.డి.ఎ. టసియొనెక్స్ అనే దగ్గు మందు గురించి హెచ్చరించింది. అందులో హైడ్రోకోడోన్ ఉంటుంది. 12 గంటలకి ఒకసారి ఇవ్వవలసిన మందుని ముందుగానే మళ్ళీ ఇవ్వడం, వంటింటి చెంచాలతో కొలవడం, ఆరేళ్ళు నిండని పిల్లలకి పట్టడం, వీటివల్ల ప్రాణాలు పోయాయి.

రెండోది శరీరం. కోడీన్ మన కాలేయంలో కొంత మార్ఫీన్‌గా మారుతుంది. నొప్పి తగ్గించేది ముఖ్యంగా ఆ మార్ఫీనే. ఈ మార్పు చేసే ఎంజైము కొందరిలో మందకొడిగా ఉంటుంది, వాళ్ళకి కోడీన్‌తో నొప్పి సరిగా తగ్గదు. మరికొందరిలో చాలా చురుకు, వాళ్ళ ఒంట్లో మార్ఫీన్ ఒక్కసారిగా పెరిగి ఊపిరి మందగిస్తుంది. ఇది పుట్టుకతో వచ్చే గుణం, పైకి కనిపించదు. 1969 నుంచి 2012 దాకా తనకి అందిన వివరాలని ఎఫ్.డి.ఎ. తిరగేస్తే ఇలాంటి పిల్లలు 13 మంది తేలారు. పది మంది చనిపోయారు. వాళ్ళకి ఇచ్చిన డోసు మామూలు డోసే! ఎక్కువమందికి టాన్సిల్స్ ఆపరేషను తరవాత ఇచ్చారు. 2013లో ఆ వాడకం మీద గట్టి హెచ్చరిక వచ్చింది. 2017లో 12 ఏళ్ళలోపు పిల్లలకి కోడీన్ ఇవ్వకూడదన్నారు. 2018లో, కోడీన్ గాని హైడ్రోకోడోన్ గాని ఉన్న దగ్గు మందులు 18 ఏళ్ళు నిండినవాళ్ళకే అన్నారు.

కాబట్టి "మా పెద్దవాడికి ఇదే పట్టాం, ఏమీ కాలేదు" అన్న మాట చిన్నవాడికి హామీ కాదు. ఒకే తల్లి కడుపున పుట్టినా ఇద్దరి కాలేయాలూ ఒకలా పనిచెయ్యాలని లేదు.

అలాగని ఈ మందులన్నీ విషమే అనుకోవడం కూడా పొరపాటే. మన దేశంలో 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, లైసెన్సుల బెడదకి జడిసి ఆస్పత్రులు మార్ఫీన్ తెప్పించడం మానేశాయి. కేన్సరు రోగులు నొప్పితో విలవిలలాడారు. 2014లో సవరణ చేసి నియమాలు సడలించారు. భయం మోతాదు మించినా మనిషికి బాధే.

చివరగా నాలుగు మాటలు. ఇండియా నుంచి వచ్చిన సీసా మీద "కోడీన్ ఫాస్ఫేట్" అని ఉందేమో చూడండి. ఉంటే పిల్లలకి పట్టకండి. పెద్దలకైనా డాక్టరు రాస్తేనే, మి.లీ. గీతలున్న కొలతతోనే ఇవ్వండి. నిద్రమాత్రలతో, మద్యంతో కలపకండి. నొప్పికి చాలాకాలంగా వాడుతున్నవాళ్ళు డాక్టరుని అడగకుండా ఒక్కసారిగా ఆపకండి. మనిషి లేపినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా 911కి ఫోను చెయ్యండి. విరుగుడు మందు నెలాక్సోన్, ముక్కులో కొట్టే స్ప్రే, 2023 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది.

సీసా మీది ఒక్కొక్క నియమం వెనకా ఎవరో ఒక బిడ్డ ఉంది. చదివి మరీ పోయండి. సెలవు.